నీరు అనగా నీరు

కొసపాలెం వాళ్ళు అడిగింది ఒక తలుపు. ప్రభుత్వం వారు ఇచ్చింది ఒక చట్టం. ఇందులో ఎవరి తప్పూ లేదు. అడిగేవాళ్ళు చిన్నగా అడుగుతారు, ఇచ్చేవాళ్ళు పెద్దగా ఇస్తారు, మధ్యలో తలుపు ఎక్కడో జారిపోతుంది.

తలుపంటే ఇంటి తలుపు కాదు, తూము తలుపు. పంటకాలువ దారిలో ఉన్న ఊళ్ళన్నిటికీ పంచిపెట్టుకుంటూ వచ్చి, చివరికి కాళ్ళీడ్చుకుంటూ కొసపాలెం చేరుతుంది. ఆ తరవాత ఉప్పుటేరు, దాని తరవాత సముద్రం. శివారు ఊరు కదా, వచ్చేవే కాసిని నీళ్ళు. ఆ కాసినీ పొలాల్లోకి మళ్ళాలంటే తూము తలుపు పైకి లేవాలి. అది తుప్పుపట్టి, మర అరిగిపోయి, లేవనంటే లేవనని మొండికేసి చాలా కాలమైంది. ఏటా కాలువకు నీళ్ళొదలగానే వాసంశెట్టి గవర్రాజు గునపం భుజాన వేసుకుని వెళ్ళి, తలుపు కింద దూర్చి, "హైలెస్సా" అని తనకు తనే వంత పాడుకుంటూ పైకి లేపేవాడు. కింద ఒక తాటిమొద్దు దోపేవాడు. కొసపాలెంలో నీటిపారుదల శాఖంటే ఆ గునపమూ, ఆ మొద్దూ.

గవర్రాజు ఊరందరికీ బాబాయి. తనకంటే పెద్దవాళ్ళక్కూడా బాబాయే. అయిదో తరగతిలో ఉండగా బడి తనిఖీకి వచ్చినాయన "నీటి రూపాలు చెప్పు" అని అడిగితే, "మా మేస్టారింట్లో అయితే పాలు, మజ్జిగ, సాంబారు అండి" అని చెప్పాడు. ఆ పూటతో చదువు పూర్తయింది. నోరు మాత్రం అక్కడితో ఆగలేదు. ఎవరు ఏ మాటన్నా ఆ మాటకి ఒక తోక తగిలించందే ఆయనకి అన్నం అరగదు.

"తలుపడిగారు," అన్నారు ఊళ్ళో సభ పెట్టిన ఎమ్మెల్యేగారు, దండలన్నీ మెడలోంచి తీసి పక్కవాడికిచ్చి. "తలుపు ఎవడైనా ఇస్తాడు. నేను మీకు చట్టం తెచ్చాను!"

జనం చప్పట్లు కొట్టారు. చట్టానికి తుప్పు పట్టదు కదా అని గవర్రాజు కూడా కొట్టాడు.

శాసనసభలో దీని మీద చర్చ హోరాహోరీగా జరిగిందట. 'నియంత్రణ మరియు అభివృద్ధి' అనాలా, 'అభివృద్ధి మరియు నియంత్రణ' అనాలా అన్నదాని మీద రెండు పక్షాలూ బల్లలు విరగ్గొట్టుకున్నంత పని చేశాయి. 'మరియు' మీద మాత్రం మొదటి నుంచీ ఏకాభిప్రాయం ఉంది. ఆ హడావిడిలో రెండో సెక్షను ఎవరూ చదవలేదు. చట్టం రాసిన పెద్దమనిషి జాగ్రత్త గల మనిషి. వెనక వేరే ఊళ్ళో ఇలాంటి నీటి మండలి పెడితే, ఒకడు పొలంలోకి పారే బోదెకి అడ్డుకట్ట వేసి "ఇది నీరు కాదండి, కుడితి" అని వాదించి కేసు గెలిచాడు. అలాంటి సందు ఈసారి ఉండకూడదని ఆయన పట్టుదలగా ఇలా రాశాడు: "నీరు అనగా నీరు, మరియు నీరు అను మాట దేనియందు కలదో అదియు."

అలా పుట్టింది కొసపాలెం స్థానిక జల నియంత్రణ మరియు అభివృద్ధి మండలి. పాత రైసుమిల్లు గోదాములో ఆఫీసు పెట్టారు. పేరు పొడుగు, గోదాము పొట్టి. బోర్డు కట్టేసరికి చివరనున్న 'మండలి' అన్న మాట పక్కనున్న వీరలక్ష్మి పకోడీల కొట్టు మీదికి వెళ్ళింది. ఆ రోజు నుంచి అక్కడ దొరికేది మండలి పకోడీ.

మండలికి కార్యనిర్వహణాధికారి, అంటే ఊరి నోట్లో ఈవోగారు, వచ్చారు. సన్నటి మనిషి, కళ్ళజోడు, చంకలో చట్టం. తలుపు మీద 'ఎన్. రావు' అని చిన్న పలక. తన సర్వీసంతటిలో ఒక్క సెక్షను కూడా మీరలేదని, ఒకసారి రైలు పట్టాల మీద నుంచి నడవరాదని రాసి ఉంటే పట్టాలకి ఇవతలే ఆగిపోయి సొంత పెళ్ళికే ఆలస్యంగా వెళ్ళానని ఆయనే చెప్పుకున్నారు. మంచివాడే. కాకపోతే మనిషి నిండా చట్టమే ఉంది.

వచ్చిన మర్నాడే ఆయన చేసిన మొదటి పని తూము తలుపుకి గొలుసు చుట్టి తాళం వేయించడం.

గవర్రాజు గునపం పట్టుకెళ్ళి తాళాన్ని చూశాడు. కాలువలో నీళ్ళు తలుపు దాకా వచ్చి, లోపలికి రానివ్వని చుట్టాల్లా అక్కడే నిలబడి ఉన్నాయి. ఇవతల, బోదె కొసన, ఆయన ఆకుమడి. విత్తనం చల్లిన మడిలో వరి ఆకు జానెడు లేచి, పచ్చగా, నీళ్ళ కోసం నోరు తెరుచుకుని ఉంది. ఆ ఆకు ఎండిందా, ఊడ్పులు లేవు. ఊడ్పులు లేవంటే ఆ యేడు గింజ లేదు. సరాసరి ఆఫీసుకి వెళ్ళాడు.

"ఆయ్, నమస్కారమండి. తూముకి తాళమేసింది తమరేనాండి?"

"నేను కాదు. చట్టం వేసినది," అన్నారు ఈవోగారు.

"మరి తాళంచెవి చట్టం దగ్గరుందాండి?"

"నా దగ్గర ఉన్నది."

"ఆకుమడి తడారిపోతందండి బాబూ. ఓపాలి తాళం తీత్తే తలుపు నేనే లేపుకుంటాను. తమరికి సెమట కూడా పట్టనివ్వను."

ఈవోగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "చూడండి. మండలి పేరులో ముందేమున్నది? నియంత్రణ. తరువాత? మరియు. ఆ పిమ్మటనే అభివృద్ధి. ప్రస్తుతము మనము నియంత్రణలో ఉన్నాము. 'మరియు' దశకు చేరుటకే కొంత వ్యవధి పట్టును."

"శివారుకే ముందు నీళ్ళని సట్టంలో ఉందని ఎమ్మెల్యేగారు మైకులో అరిసి మరీ సెప్పారు కదండీ?"

"ఉన్నది. పందొమ్మిదవ సెక్షను." ఆయన పుస్తకం తెరవకుండానే, కళ్ళు మూసుకుని మంత్రంలా చదివారు. "గుర్తింపు పొందిన నీరు యావత్తు మొదటగా శివారు భూములకు చేరవలెను. తలుపుగాని, తాళముగాని, అధికారిగాని దానిని అడ్డగించరాదు."

"మరింకేంటండి!"

"గుర్తింపు పొందిన నీరు అన్నారు. మీ కాలువలో ఉన్నది ఇంకను గుర్తింపు పొందలేదు."

"సూత్తే తెలీదాండి అవి నీళ్ళని?"

"చూచుట వేరు, గుర్తించుట వేరు. మండలి పరిధిలో ఏవేవి నీరో మొత్తము తేలిన పిదప అన్నింటికీ ఒకేసారి గుర్తింపు. అంతవరకు కాలువ గట్టు మీదుగా ఒక్క చుక్క దాటినను అది గండి. గండికి జైలు. నీరు పోవలసిన దారి తూము ఒక్కటే, ఆ తూమునకు తాళము."

"ఏవేవి నీరో తేలడానికి ఏముందండి? నీరంటే నీరే కదండీ?"

అప్పుడు ఈవోగారు రెండో సెక్షను చదివి వినిపించారు. నీరు అనగా నీరు, మరియు నీరు అను మాట దేనియందు కలదో అదియు.

గవర్రాజు నోరు మూసుకుని ఉంటే ఈ కథ ఇక్కడ అయిపోయేది. కాని ఆ సెక్షను వినగానే ఆయన నాలుక దురద పెట్టింది.

"అయితే నీరుల్లిపాయ కూడా తమరిదేనాండి?"

అని, నవ్వుతారేమోనని చూశాడు. ఈవోగారు నవ్వలేదు. కలం కింద పెట్టారు. మళ్ళీ తీశారు. ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది.

"నీరుల్లి," అన్నారు మెల్లిగా. "నీరు... ఉల్లి. మాటలో నీరు స్పష్టముగా ఉన్నది. ఇంతవరకు ఎవరూ నా దృష్టికి తేలేదు. తమరేం చేస్తుంటారు?"

"వ్యవసాయమండి."

"పరిశోధకులేమో అనుకున్నాను."

మర్నాడు వీరలక్ష్మి కొట్లో ఉల్లిపాయల బుట్టకి సీలు పడింది. నియంత్రణ పూర్తయ్యే వరకు నీరుల్లి కోయరాదు, తరగరాదు, శనగపిండిలో ముంచరాదు. వీరలక్ష్మి అట్లకాడ పట్టుకుని వీధిలోకి వచ్చి, "ఏడీ ఆ బాబాయి? ఆ నోరు నా మూకుట్లో ఏయించేత్తాను!" అని కేకలు పెట్టింది. ఆ రోజు మండలి పకోడీ వంకాయతో చేసింది. తిన్నవాళ్ళు కూడా బాబాయినే తిట్టారు.

ఇంట్లో నూకరత్నం కంచం ముందు పెట్టి, అన్నం పెట్టకుండా నిలబడింది.

"నీళ్ళడగడానికెళ్ళి ఉల్లిపాయలు పోగొట్టుకొచ్చారా?"

"ఏదో సరదాకన్నానే రత్నం. ఆయన రాసేసుకుంటాడని కలగన్నానా?"

"మీ సరదా సంతకెళ్ళా! పొద్దున్న మడి సూశాను, ఆకు కొసలు పండుబారుతున్నాయి. ఇక ఈ యేడు ఊడ్పులకి నీళ్ళొదులుకోడమే."

"గట్టిగా అనకే! నీళ్ళొదలాలంటే పర్మిషన్ కావాలి."

నూకరత్నం చారుగిన్నె దభీమని కింద పెట్టింది. ఆ దెబ్బకి గవర్రాజు నీరుగారిపోయాడు. ఆ మాట ఈవోగారి చెవిన పడకపోవడం మాత్రం అదృష్టం.

రాత్రంతా ఆలోచించి ఆయనొక ఎత్తు వేశాడు. ఒక్క ఉల్లిపాయ చెప్తే ఈవోగారు నిజమనుకున్నారు. అదే ఒక గంపెడు చెప్తే? ఎంత చట్టం తిన్న మనిషికైనా ఎక్కడో ఒక చోట నవ్వొస్తుంది. నవ్వొచ్చిందంటే పుస్తకం అవతల పారేసి తాళంచెవి ఇచ్చేస్తాడు. తెల్లారగానే తలకి నూనె రాసుకుని, ఉతికిన పంచె కట్టుకుని వెళ్ళాడు.

"అయ్యా, నాకు ఇంకో మాట తోసిందండి. నీరెండ."

ఈవోగారు రాసుకున్నారు.

"నీరాజనమండి. గుళ్ళో హారతిత్తారే, అదండి."

రాసుకున్నారు.

"నీరుకావి అండి. కాలవలో ఉతికి ఉతికి పంచెకి ఎర్రమట్టి రంగొత్తది సూడండి, అది. నా నడుం మీదుంది, కావాలంటే జప్తు సేసుకోండి."

ఈవోగారు లేచి వచ్చి, పంచె కొంగు పట్టుకుని వెలుగులో చూసి, రాసుకున్నారు. గవర్రాజుకి చెమట పట్టింది. ఇక ఆఖరి అస్త్రం తీశాడు.

"నీరసమండి!"

ఈవోగారు ఆగారు. గవర్రాజు గుండె కూడా ఆగింది. ఇదిగో, ఇప్పుడు నవ్వుతాడు.

"నీరసములో ఉన్నది ఆ నీరు కాదని కొందరు పండితులు అనవచ్చును," అన్నారు ఈవోగారు గంభీరంగా. "కాని చట్టము 'మాట' అన్నది, 'అర్థము' అనలేదు. నీరసము మన పరిధియే."

ఆ సాయంత్రమే ఆఫీసు ముందు బల్ల వేసి, గవర్రాజుకి శాలువా కప్పి, మండలికి గౌరవ సలహాదారుగా ప్రకటించారు. చప్పట్లు కొట్టింది అటెండరు ఒక్కడే. మిగతా ఊరు చేతులు కట్టుకుని చూసింది.

తరవాత కొసపాలెంలో నియంత్రణ మహా జోరుగా సాగింది. గుళ్ళో సోమయాజులుగారు హారతి పళ్ళెం ఎత్తబోతుంటే అటెండరు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"నీరాజనానికి అనుమతి ఉందాండి పంతులుగారూ?"

"దేవుడిది కదరా నాయనా!"

"దేవుడి సంతకమైనా పరవాలేదంటండి."

సాయంత్రం పూట అరుగుల మీద కూర్చునే ముసలాళ్ళని లేపేశారు. ఎండ మండిపోతున్నప్పుడు ఎంతసేపైనా కూర్చోవచ్చు, అది మండలిది కాదు. పొద్దు వాలి చల్లబడి నీరెండ పడిందా, లేచిపోవాలి. నీరసంగా ఉన్నవాళ్ళు ఆఫీసుకి వచ్చి నమోదు చేయించుకోవాలి. అంత దూరం నడిచి వెళ్ళాక నీరసం లేనివాళ్ళకి కూడా వచ్చేది. కాబట్టి ఆ విభాగం బాగా పెరిగి, దానికి వేరే కుర్చీ వేశారు. ఆకుమడి ఎండుతున్న రైతుల్ని వరసలో నిలబెట్టి "మీ పొలానికి నీళ్ళెందుకు?" అని ఈవోగారు అడిగితే, ఏం చెప్పాలో తెలియక వాళ్ళు బుర్ర గోక్కుంటూ నీళ్ళు నమిలారు. దాంతో గోడ మీద పెద్దక్షరాలతో ఒక బోర్డు వెలసింది: 'ఇచ్చట నీళ్ళు నమలరాదు.'

ఒకరోజు మంగాయమ్మ ఇంటి మీదికి నోటీసు వచ్చింది. ఆవిడ చెరువు గట్టున నలుగురితోనూ సంబరంగా "మా కోడలు నీళ్ళోసుకుంది" అని చెప్పుకుంది. ఆ మాట చేరాల్సిన చోటికి చేరింది. ఈవోగారే స్వయంగా విచారణకి వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"అనుమతి లేకుండా నీళ్ళు పోసుకొనినట్లు తెలియవచ్చినది. ఎన్ని బిందెలు?"

మంగాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బిందెలు కాదు నాయనా. నెల తప్పింది."

"నెల తప్పినదా? అనగా గడువు కూడా దాటినదా!"

"గడువు దాటలేదు బాబూ, ఇంకా చాలా ఉంది. ఏమయ్యా, మీ యింట్లో ఆడాళ్ళు లేరా?"

సలహాదారు హోదాలో పక్కన నిలబడ్డ గవర్రాజు ఈవోగారి చెవిలో విషయం ఊదాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా చట్టం చట్టమే. కాసేపు ఆలోచించి, "అభివృద్ధి విభాగము క్రింద నమోదు చేయుడు," అని లేచిపోయారు. మండలి పెట్టిన తరవాత కొసపాలెంలో జరిగిన మొదటి అభివృద్ధి అదే.

ఇటు ఆకుమడిలో పసుపు కొసల నుంచి కిందికి దిగింది. మడి నెర్రెలిచ్చింది. నూకరత్నం కడవతో చెరువు నీళ్ళు మోసుకొచ్చి మడి మీద చిలకరిస్తుంటే, కాలిన పెనం మీద పోసినట్టు చుయ్యిమనేవి. ఆవిడ ఇక తిట్టడం కూడా మానేసింది. అది చూసి గవర్రాజుకి నిజంగా భయం పట్టుకుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ తిట్టని పూట ఆయనకి తెలీదు. శాలువా మడిచి చంకలో పెట్టుకుని మళ్ళీ వెళ్ళాడు.

"అయ్యా, ఇంకా ఎన్ని మాటలున్నాయండి? ఎప్పుడు తేలుద్దండి?"

"నిఘంటువు కొరకు రాజధానికి వ్రాసితిమి," అన్నారు ఈవోగారు. "అది రాగానే మొదటి పుట నుండి కడపటి పుట వరకు చూచి, ఏయే మాటలో నీరున్నదో తేల్చి, అన్నింటికీ గుర్తింపు ఇచ్చి, పిమ్మట తాళము తీయబడును. మీ కృషి మండలి మరువదు."

"అప్పటికి ఆకు గడ్డైపోద్దండి!"

"ఎండుగడ్డి మండలి పరిధిలోనికి రాదు," అన్నారాయన ఓదార్పుగా.

గవర్రాజు బయటికి వచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. అప్పుడే ఆఫీసు ముందు రిక్షా ఆగింది. అందులోంచి ఒక పెద్దావిడ చేతిసంచీ, ఆవకాయ జాడీతో దిగింది. నుదుటి మీద పెద్ద బొట్టు, మొహం ఈవోగారిదే, చట్టం మాత్రం లేదు.

"నాయనా, మావాడి ఆఫీసు ఇదేనా?" అని గవర్రాజుని అడిగి, జవాబు కోసం చూడకుండా లోపలికి కేకేసింది. "ఒరేయ్ నీరజాక్షం! ఇలా రారా, ఈ జాడీ అందుకో!"

మెట్టు మీద కూలబడ్డ గవర్రాజు లేచి నిలబడ్డాడు.

"ఏమన్నారు అమ్మగారూ? ఏం పేరండి?"

"నీరజాక్షరావు. నీరజాక్షుడంటే తామరపువ్వుల్లాంటి కళ్ళున్నవాడని. మా మామగారు పెట్టారు. వీడికేమో సిగ్గు, ఎన్. రావు అని రాసుకుంటాడు."

గవర్రాజు ఆ పలక వంక చూశాడు. ఆవిడ చేతిలో జాడీ వంక చూశాడు. చంకలో శాలువా తీసి భుజాల మీద కప్పుకున్నాడు. సలహా ఇచ్చే సమయం వచ్చింది. వీధిలోకి తిరిగి, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి, "రండర్రా! మండలిలో నీళ్ళొచ్చాయి!" అని ఒక్క కేక పెట్టాడు.

ఊరంతా వచ్చింది. వీరలక్ష్మి అట్లకాడతో, సోమయాజులుగారు ఖాళీ పళ్ళెంతో, నూకరత్నం కడవతో. గవర్రాజు ఈవోగారి బల్ల ముందు చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డాడు.

"అయ్యా, సలహాదారుగా ఓ మాట మనవి సేసుకోవాలండి. తమరి పేరు నీరజాక్షరావుగారటగదండీ?"

ఈవోగారు తల్లి వంక కోపంగా చూశారు. "అయిన ఏమి?"

"నీరజాక్షరావులో నీరుందండి. ముందే ఉంది. రెండో సెక్షను ప్రకారం తమరు నీరండి."

వీరలక్ష్మి అట్లకాడ దించి ముందుకు వచ్చింది.

ఈవోగారు ఏదో అనబోయారు. "అది... అనగా... ఆ విషయమై... పరిశీలించి..."

"ఆగండాగండి," అన్నాడు గవర్రాజు, గోడ మీది బోర్డు వేలితో చూపించి. "ఇచ్చట నీళ్ళు నమలరాదండి."

ఈవోగారు నోరు మూశారు. నుదురు తుడుచుకున్నారు. తన సర్వీసంతటిలో ఎన్నడూ సెక్షను మీరని మనిషి. కాదనడానికి దారి కోసం పుస్తకం తెరిచారు, పుస్తకం ఆయనకే ఎదురు తిరిగింది.

"ఒకవేళ నేను నీరే అయినను," అన్నారు చివరికి, "గుర్తింపు పొందని నీరును."

"అదేంటండి బాబూ! తమరు గజెటెడ్ ఆఫీసరు కదండీ! తమరి పేరు ప్రభుత్వం వోరే గజెట్‌లో అచ్చేయించారు. కాలవలో నీళ్ళకి లేదు, మా కుండలో నీళ్ళకి లేదు. ఈ మండలిలో గుర్తింపున్న నీరు తమరొక్కరేనండి. పందొమ్మిదో సెక్షను సదవండి ఓపాలి. నేనైతే తప్పులు సదువుతాను."

ఈవోగారు లేచి నిలబడి, కళ్ళు మూసుకుని చదివారు. "గుర్తింపు పొందిన నీరు యావత్తు... మొదటగా శివారు భూములకు చేరవలెను."

"పదండి మరి. మా పొలమే ఆఖరు."

"ఏమిట్రా ఇది?" అంది తల్లి. విషయమంతా నూకరత్నం ఆవిడ చెవిలో వేసింది, ఆకు పండుబారిన సంగతితో సహా. ఆవిడ విని, చేతిలోని జాడీ బల్ల మీద పెట్టింది. "చిన్నప్పుడు స్నానానికి రమ్మంటే ఊరంతా పరుగెత్తించేవాడివి. ఇప్పుడైనా చెప్పగానే వెళ్ళు నాయనా. నీకు చట్టమంటే ప్రాణం, వాళ్ళకి ఆకు."

ఊరేగింపు కాలువ దగ్గరికి చేరింది. గట్టు ఎక్కి పొలాల వైపు దిగబోతున్న ఈవోగారిని గవర్రాజు ఆపాడు.

"గట్టెక్కకండి అయ్యా! నీరు గట్టు దాటితే గండి. గండికి జైలు. తమరే సెప్పారు. నీరు పోవాల్సిన దారి తూమొక్కటే."

ఈవోగారు తూము వంక చూశారు. తలుపుకి గొలుసు, గొలుసుకి తాళం.

"తాళముగాని అడ్డగించరాదని కూడా ఉన్నది," అన్నారు తనకి తనే. జేబులోంచి తాళంచెవి తీసి, సొంత చేత్తో తాళం తీశారు. అది మాత్రం చెప్పుకోవాలి, ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఆయన మొహంలో బాధకి తోడు ఏదో గర్వం కూడా ఉంది. పందొమ్మిదో సెక్షనుని అక్షరాలా అమలు చేసిన మొదటి అధికారి ఆయనే.

గవర్రాజు గునపం దూర్చాడు. "హైలెస్సా!" ఈసారి వంత పాడటానికి ఊరంతా ఉంది. తలుపు కీచుమని అరిచి, తుప్పు రాలుస్తూ లేచింది. తాటిమొద్దు దోపారు. ఈవోగారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు తల్లి చేతికిచ్చి, తూములోంచి వంగి ఇవతలికి అడుగు పెట్టారు. ఆయన వెనకే, ఇన్నాళ్ళూ వాకిట్లో నిలబెట్టిన చుట్టాలన్నీ ఒక్కసారి ఇంట్లోకి జొరబడ్డట్టు, కాలువ నీళ్ళు భళ్ళున వచ్చాయి.

"ఆపండి!" అని అరిచారు ఈవోగారు. "ఇది గుర్తింపు లేని నీరు!"

"తమరి ఎనకాలే వత్తందండి!" అన్నాడు గవర్రాజు పక్కన గట్టు మీద నడుస్తూ. "తమరి స్టాఫేమో అనుకున్నాం!"

ముందు ఈవోగారు, వెనక నీళ్ళు, గట్ల మీద ఊరు. బోదె వెంట ఒక్కో మడీ దాటుతూ వెళ్ళారు. నీళ్ళు ఆయన మడమల దాకా, తరవాత పిక్కల దాకా వచ్చాయి. ఆఖరి మళ్ళోకి తిరిగే చోట కాలు జారి, ఈవోగారు గవర్రాజు ఆకుమడి పక్కన బురదలో చతికిలబడ్డారు. నీళ్ళు ఆయన్ని దాటి మడిలోకి పాకాయి. నెర్రెలు గుటకలేసిన చప్పుడు గట్టు మీదికి కూడా వినబడింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వుదామని అందరూ ఊపిరి పట్టారు గాని, నూకరత్నం కడవ పడేసి మడి గట్టు మీద కూచుని ఏడుస్తోంది. వాడిన ఆకు ఒక్కొక్కటే తడిసి ఊగుతుంటే ఆవిడ దాన్ని అరచేత్తో నిమురుతోంది.

ఈవోగారు బురదలోంచే ఆవిడ వంక చూశారు. కన్నీళ్ళు. మాటలో నీళ్ళు స్పష్టంగానే ఉన్నాయి. అలవాటు కొద్దీ చెయ్యి జేబులో కలం దగ్గరికి వెళ్ళింది. ఏమనుకున్నారో, మళ్ళీ వెనక్కి వచ్చింది.

పొలం పాకలో నూకరత్నం ఆయనకి పొడి పంచె ఇచ్చింది. ఆయన దాన్ని తిప్పి చూసి, "ఇది నీరుకావి కదా," అన్నారు సందేహంగా.

"కట్టుకోండి బాబూ," అంది ఆవిడ. "మీరు సెప్పకపోతే నేనూ సెప్పను."

'శివారు భూములకు నీరు చేరినది' అని ఈవోగారు పైకి రాశారు. పైవాళ్ళు సంతోషించి, ఇంత త్వరగా ఎలా చేరిందని అడిగారు. అబద్ధం రాయడం ఆయనకి చేతకాదు. ఉన్నది ఉన్నట్టు రాశారు. శాసనసభలో మళ్ళీ హోరాహోరీగా చర్చ జరిగింది, మళ్ళీ బల్లలు చరిచారు, చివరికి సవరణ చట్టం వచ్చింది: "నీరు అనగా నీరు మాత్రమే. ఇందులో కార్యనిర్వహణాధికారి చేరడు." తూము తలుపు సంగతి ఆ సవరణలో కూడా లేదు. తాటిమొద్దు అక్కడే ఉంది.

సవరణ చదివి వినిపించడానికి ఈవోగారు స్వయంగా గవర్రాజు ఇంటికి వచ్చారు. ఊడ్పులు అయిపోయి, చేను పచ్చగా తిరిగింది. వీరలక్ష్మి నీరుల్లి పకోడీ పొట్లం పంపించింది. నూకరత్నం పొయ్యి మీద నుంచి ఆవిరికుడుం అప్పుడే దింపి, ముక్కలు కోసి, నెయ్యి వేసి ఇద్దరి ముందూ పెట్టింది.

"ఇక ఏ సందేహమునకూ తావు లేదు," అన్నారు ఈవోగారు తృప్తిగా. "నీరు అనగా నీరు మాత్రమే."

గవర్రాజు తలూపాడు. కుడుం లోంచి లేస్తున్న పొగ వంక చూశాడు. ఆయన నాలుక దురద పెట్టింది.

"మరి ఆవిరి కూడా నీరే గదండీ? అలాగైతే ఈ ఆవిరికు..."

ఆ మాట పూర్తి కాకముందే నూకరత్నం వేడివేడి ముక్క ఒకటి తీసి ఆయన నోట్లో కుక్కింది.